డిగ్రీ లేకుండా, పెద్దగా ఖర్చు లేకుండా మార్కెటింగ్ నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

మార్కెటింగ్ నేర్చుకోవాలంటే ఎంబీఏ చెయ్యాలా, ఏ కోర్సు మంచిది అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే, ఇప్పుడు మీ చేతిలో నలుగురికీ చేరాల్సిన పని ఏదైనా ఉందా అని. మీదే కానక్కర్లేదు, తెలిసినవాళ్ళదైనా పర్లేదు. అది లేకుండా మొదలుపెడితే ఎన్ని వీడియోలు చూసినా ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకున్నట్టే ఉంటుంది, అది ఉంటే మాత్రం ఫ్రీగా దొరికే వాటితోనే చాలా దూరం వెళ్ళొచ్చు. ఈ మాట గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే రెండు దారుల్లోనూ నడిచి చూశాను.

మొదట్లో నేను ఆరు నెలలు కోర్సుల మీద కోర్సులు చూశా. ఒక ఇన్‌స్టిట్యూట్‌కి డబ్బు కూడా కట్టా, వాళ్ళు చెప్పినదాంట్లో చాలావరకు గూగుల్ హెల్ప్ పేజీల్లో ఊరికే చదువుకోవచ్చని తర్వాత తెలిసింది. నోట్సు పుస్తకాలైతే నిండాయి. అప్పుడు గిటార్ నేర్పే ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేసి, "ఒరేయ్, కొత్తవాళ్ళెవరూ క్లాసులకి రావట్లేదురా, ఏం చెయ్యమంటావ్" అన్నాడు. ఫన్నెల్ (చూసినవాళ్ళు మెట్టు మెట్టుగా కొనేదాకా వచ్చే దారి) అంటే ఏంటో సెగ్మెంటేషన్ (కొనేవాళ్ళని గుంపులుగా విడదీయడం) అంటే ఏంటో గడగడా చెప్పగలను గానీ, రేపు పొద్దున్నే వాడు ఏం చెయ్యాలో ఒక్క ముక్క చెప్పలేకపోయా. నిజంగా నేర్చుకోవడం అక్కడ మొదలైంది, అందుకే ఈ గైడ్‌లో చాలా ఉదాహరణలు వాడి క్లాసుల నుంచే ఇస్తున్నా.

ఒక్క పని పట్టుకోండి

ట్యూషన్ చెప్పేవాళ్ళు, సైకిళ్ళు రిపేర్ చేసేవాళ్ళు, ఫొటోలు తీసేవాళ్ళు, వీధి కుక్కల్ని చూసుకునే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ, ఏదైనా సరే. రెండు విషయాలు మాత్రం చూసుకోండి. ఒకటి, వాళ్ళ కస్టమర్లతో మీరు నేరుగా మాట్లాడే వీలుండాలి. రెండు, పేజీలో ఒక లైను మార్చాలన్నా పది మంది పర్మిషన్ అక్కర్లేకుండా ఆ ఓనర్ ఒక్కరే సరే అంటే సరిపోవాలి. ఈ రెండూ పెద్ద కంపెనీలో దొరకడం కష్టం, చిన్నవాళ్ళ దగ్గర దొరుకుతాయి, అందుకే నేర్చుకునే రోజుల్లో చిన్నవాళ్ళ దగ్గర పని చెయ్యడమే లాభం.

ఎవరూ దొరక్కపోతే మీకు బాగా తెలిసిన ఒక విషయం మీద బ్లాగర్‌లోనో వర్డ్‌ప్రెస్ ఫ్రీ ప్లాన్‌లోనో సైటు పెట్టండి. అయితే "మార్కెటింగ్ గురించి బ్లాగ్" మాత్రం పెట్టొద్దు, నేర్చుకుంటున్నవాళ్ళంతా అదే పెడతారు, చదివేవాళ్ళు కూడా నేర్చుకుంటున్నవాళ్ళే అవుతారు, కొనేవాళ్ళు ఎలా ఆలోచిస్తారో తెలుసుకునే అవకాశమే రాదు.

ముందు వినడం, రాయడం తర్వాత

నా లెక్కలో మార్కెటింగ్‌లో సగం పని ఇదే, పైసా ఖర్చు లేని పని కూడా ఇదే, అయినా అందరూ దాటేసేది కూడా దీన్నే.

మా ఫ్రెండ్ పేజీ మీద అప్పటిదాకా ఏమని ఉందంటే, "అనుభవజ్ఞులైన శిక్షకులచే నాణ్యమైన గిటార్ శిక్షణ" అని. తప్పేం లేదు, కానీ గిటార్ బదులు వీణ అని పెట్టినా, కంప్యూటర్ అని పెట్టినా ఆ లైను అలాగే సరిపోతుంది. వాడి దగ్గర నేర్చుకుంటున్న వాళ్ళలో ఒక్కొక్కరితో పావుగంట మాట్లాడా. "ఈ క్లాస్ ఎలా ఉంది" అని అడగలేదు, అలా అడిగితే మొహమాటానికి బాగుంది అనే అంటారు. "ఇక్కడికి రాకముందు ఏం ప్రయత్నం చేశారు, ఎక్కడ ఆగిపోయారు, చేరాలని డిసైడ్ అయిన రోజు ఏం జరిగింది" అని అడిగా. ఒకాయన అన్న మాట ఇప్పటికీ గుర్తుంది, "యూట్యూబ్‌లో చూసి మొదలుపెట్టానండీ, రెండు వారాలకి వేళ్ళు మంటలు, సౌండు మాత్రం డబ్‌డబ్ అని వస్తుంది, ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పేవాళ్ళు లేరు, ఇక గిటార్ తీసి బీరువా వెనక పెట్టేశా" అన్నాడు. ఇంకో ఇద్దరు కూడా కొంచెం అటూఇటూగా అదే చెప్పారు.

అంతే, పేజీ మీద లైను మార్చేశాం. "యూట్యూబ్‌లో చూసి మొదలుపెట్టి మధ్యలో ఆపేశారా? మీ వేళ్ళు ఎక్కడ తప్పుతున్నాయో పక్కన కూర్చుని చూసి చెప్తా." కింద వాడు ఒక స్టూడెంట్ వేలిని తీగ మీద సరిచేస్తున్న ఫొటో. కొత్త మాట ఒక్కటీ నేను పుట్టించలేదు, అన్నీ ఆ ముగ్గురి నోట్లోంచి వచ్చినవే. ఆ తర్వాత ఫోన్ చేసినవాళ్ళు ఫీజు ఎంత అని కాకుండా "నాది కూడా అదే ప్రాబ్లమండీ" అని మొదలుపెట్టడం చూసి అప్పుడు అర్థమైంది నాకు, మెసేజ్ అంటే ఏంటో.

మీరు ఎంచుకున్న పనికి కూడా కనీసం ఐదుగురితో ఇలా మాట్లాడండి. జరిగినదాని గురించి అడగండి, జరగబోయేదాని గురించి వద్దు, "ఇలాంటిది ఉంటే కొంటారా" అంటే జనం ఊరికే అవునంటారు. వాళ్ళన్న మాటలు ఉన్నదున్నట్టు రాసుకోండి, మీ భాషలోకి దిద్దొద్దు. మాట్లాడటానికి మనుషులు దొరక్కపోతే అదే రకం వస్తువులకీ సర్వీసులకీ జనం రాసిన రివ్యూలు చదవండి, ముఖ్యంగా మూడు స్టార్లు ఇచ్చినవి. ఐదు స్టార్లవాళ్ళు పొగిడి వదిలేస్తారు, ఒక స్టార్‌వాళ్ళు కోపంలో ఉంటారు, మూడు స్టార్లవాళ్ళే ఏం నచ్చింది ఏం నచ్చలేదు అని వివరంగా చెప్తారు.

థియరీ ఎంత కావాలి

కొంచెం కావాలి, అసలు వద్దు అనేవాళ్ళ మాట నమ్మొద్దు. ప్రోడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్ అనే నాలుగు 'పీ'లని జెరోమ్ మెకార్తీ అనే అమెరికా ప్రొఫెసర్ 1960లో చెప్పాడు, ఇప్పటికీ పనికొస్తాయి, ఎందుకంటే కొత్తవాళ్ళు నాలుగోదాన్నే మార్కెటింగ్ అనుకుంటారు. మా ఫ్రెండ్ క్లాసులు మొదట్లో మామూలు రోజుల్లో పగటిపూట ఉండేవి, ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు ఎలా వస్తారు? సాయంత్రానికి మార్చమని చెప్పడం కూడా మార్కెటింగే, యాడ్ ఎంత బాగా రాసినా ఆ లోటు పూడదు. ముందు దృష్టి పడాలి, తర్వాత ఆసక్తి, తర్వాత కోరిక, ఆఖరికి పని జరగాలి అనే 'ఐడా' (ఈ నాలుగింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు) వరసకి మూలం 1898 ప్రాంతంలో అమెరికాలో యాడ్స్ రంగంలో పనిచేసిన ఎల్మో లూయిస్ చెప్పిన మాటలు అంటారు, యాడ్ రాసేటప్పుడు ఏ మెట్టు మిస్సయిందో చూసుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

ఇంకా లోతుగా కావాలంటే అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ పాఠాల సైటు ఓపెన్‌కోర్స్‌వేర్‌లో వాళ్ళ మేనేజ్‌మెంట్ స్కూల్ మార్కెటింగ్ కోర్సుల మెటీరియల్ ఫ్రీగా ఉంది, సర్టిఫికెట్ ఇవ్వరు, కానీ యూనివర్సిటీ క్లాసులో ఏం చదివిస్తారో చూడొచ్చు. థియరీకి మొదట రెండు మూడు వారాలు చాలు. మిగతాది పని చేస్తూ అవసరం వచ్చినప్పుడు చదివితేనే బుర్రకి పడుతుంది.

ఫ్రీ కోర్సుల్లో ఏవి

గూగుల్ స్కిల్‌షాప్‌లో గూగుల్ యాడ్స్, అనలిటిక్స్ (సైటుకి ఎవరు వచ్చారు, ఏం చేశారు అని లెక్కపెట్టే టూల్) పాఠాలు, పరీక్షలు రెండూ ఫ్రీ. గూగుల్ యాడ్స్ సర్టిఫికెట్‌కి 80% రావాలి, ఒక ఏడాది చెల్లుతుంది, తర్వాత మళ్ళీ రాయాలి. ముందు సెర్చ్ యాడ్స్‌ది (గూగుల్‌లో వెతికినప్పుడు కనిపించే యాడ్స్) చెయ్యండి, మిగతావి తర్వాత. హబ్‌స్పాట్ అకాడమీలో కంటెంట్, ఈమెయిల్, ఇన్‌బౌండ్ (కస్టమర్లే మనల్ని వెతుక్కుని వచ్చేలా చేసే పద్ధతి) కోర్సులు బాగుంటాయి, ఫ్రీ కూడా, అయితే వాళ్ళు సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ కాబట్టి ఉదాహరణలన్నీ ఆ సాఫ్ట్‌వేర్ చుట్టూ తిరుగుతాయి, ఆలోచన తీసుకుని టూల్ వదిలెయ్యండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టా నడిపే మెటా కంపెనీ బ్లూప్రింట్‌లో పాఠాలు ఫ్రీ, సర్టిఫికేషన్ పరీక్షలకి మాత్రం డబ్బులు కట్టాలి, మొదట్లో ఆ పరీక్షలు అక్కర్లేదు. ఆన్‌లైన్ కోర్సుల సైటు కోర్సెరాలో చాలా కోర్సులకి ఫైనాన్షియల్ ఎయిడ్‌కి అప్లై చేసుకోవచ్చు, మీ పరిస్థితి ఉన్నదున్నట్టు రాస్తే చాలు.

ఒకేసారి రెండు కోర్సులు పెట్టుకోవద్దు. నేను పెట్టుకున్న రూల్ ఒకటి చెప్తా, ఈ రోజు చూసిన పాఠంలోంచి ఒక్క విషయమైనా ఈ రోజే ఆ గిటార్ పేజీ మీద చెయ్యాలి, చేసేదాకా తర్వాతి పాఠం తెరవకూడదు. దీనివల్ల స్పీడ్ బాగా తగ్గుతుంది, అదే మంచిది.

తేదీలు కూడా చూసుకోండి. గూగుల్ అనలిటిక్స్ పాత వెర్షన్ యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జూలై 1 నుంచి డేటా తీసుకోవడం ఆపేసింది, ఇప్పుడున్నది జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ 4), రెండింటి లెక్కలు కూడా వేరు. అంతకుముందు పాత అనలిటిక్స్ మీద చేసిన వీడియోలు ఇంకా సెర్చ్‌లో వస్తుంటాయి, చూపించిన బటన్ మీ స్క్రీన్ మీద లేదని గంటలు గంటలు వెతుక్కుంటారు, తప్పు మీది కాదు.

డబ్బులు కట్టే కోర్సు తీసుకోవాలనిపిస్తే ఒకటే అడగండి, "నేను చేసిన పనిని చూసి తప్పొప్పులు చెప్పేవాళ్ళు ఉన్నారా" అని. డబ్బు పెట్టాల్సింది అలా దిద్దేవాళ్ళకే, రికార్డ్ చేసిన వీడియోలకి కాదు. ఉద్యోగం గ్యారంటీ అన్నవాళ్ళ దగ్గర అసలు ఆగకండి.

రాయడం ప్రాక్టీస్

గూగుల్ సెర్చ్ యాడ్‌లో హెడ్‌లైన్‌కి 30 క్యారెక్టర్లు, డిస్క్రిప్షన్‌కి 90. ఒక యాడ్‌కి 15 హెడ్‌లైన్లు, 4 డిస్క్రిప్షన్లు దాకా ఇవ్వొచ్చు. అకౌంట్ లేకపోయినా, రూపాయి పెట్టకపోయినా ఈ కొలతల్ని ప్రాక్టీస్‌గా వాడుకోండి. మీ పనికి 15 హెడ్‌లైన్లు కాగితం మీద రాయండి. మొదటి ఐదూ ఈజీగా వస్తాయి, అవన్నీ ఇతరులు రాసినట్టే ఉంటాయి. ఆరు నుంచి పది దాకా ఏమీ తోచదు, అప్పుడు మీరు రాసుకున్న కస్టమర్ల మాటలు తీసి చూస్తారు. చివరి ఐదింట్లో ఒకటో రెండో మంచివి ఉంటాయి. నేను ఇది ఎన్నిసార్లు చేసినా ఇలాగే జరుగుతుంది.

తెలుగులో రాసేవాళ్ళు ఒకటి గమనించాలి, "గిటార్" కంటికి మూడక్షరాలు, కంప్యూటర్ లోపల మాత్రం గుణింతాలు పొల్లు విడివిడిగా లెక్కేసి ఆరు అవుతాయి. ఎస్ఎంఎస్‌లో అయితే ఇంకా ఇరుకు, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక మెసేజ్‌కి 160 పడితే తెలుగు లిపిలో 70 మాత్రమే, ఒక్కటి దాటినా రెండో మెసేజ్ కింద చార్జ్ పడుతుంది. కాబట్టి చిన్న మాటలు వెతుక్కోవడం అలవాటు చేసుకోండి, "శిక్షణ పొందండి" కంటే "నేర్చుకోండి" చిన్నది, చెవికి కూడా బాగుంటుంది.

ఇతరులు ఏం రాస్తున్నారో చూడటానికి మంచి చోట్లున్నాయి, అన్నీ ఫ్రీ. మెటా యాడ్ లైబ్రరీలో ఏ పేజీ పేరు కొట్టినా వాళ్ళు ఇప్పుడు నడుపుతున్న యాడ్స్, ఎప్పుడు మొదలుపెట్టారో తేదీతో సహా కనిపిస్తాయి. నెలల తరబడి నడుస్తున్న యాడ్ ఉందంటే అది వాళ్ళకి గిట్టుబాటు అవుతుండొచ్చు, రుజువు కాదు గానీ మంచి సూచన. గూగుల్ కూడా 2023లో యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్ పెట్టింది, సెర్చ్, యూట్యూబ్ యాడ్స్ అక్కడ చూడొచ్చు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్. ఒక కంపెనీ హోమ్ పేజీ ఐదేళ్ళ కింద ఎలా ఉంది, రెండేళ్ళ కింద ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని పక్కపక్కన పెట్టి చూస్తే ఏ మాట తీసేశారు, ఏ మాట ఇన్నేళ్ళూ కదపకుండా ఉంచారు అనేది తెలుస్తుంది, కదపని మాట దగ్గర ఆగి ఎందుకు కదపలేదో ఆలోచించండి. రోజుకొక యాడ్ చేత్తో రాసుకుని కింద నాలుగు ముక్కలు రాయండి, ఎవరితో మాట్లాడుతోంది, ఏం ఇస్తానంటోంది, ఎందుకు నమ్మాలంటోంది, ఇప్పుడు ఏం చెయ్యమంటోంది. రెండు నెలల్లో మీరు యాడ్స్ చూసే తీరే మారిపోతుంది.

ఏఐ టూల్స్ వాడొచ్చా అంటే వాడండి, రాసింది దిద్దుకోవడానికి, పొడుగైంది కుదించుకోవడానికి. జనంతో మాట్లాడకముందే దాంతో హెడ్‌లైన్ రాయిస్తే "నాణ్యమైన శిక్షణ" లాంటివే వస్తాయి, దానికి ఆ బీరువా వెనక గిటార్ సంగతి ఎలా తెలుస్తుంది?

నంబర్లంటే భయపడొద్దు

ఇక్కడ వచ్చేవి భాగహారాలే, అంతకు మించి లేవు. యాడ్ 10,000 సార్లు కనిపించింది, 200 మంది క్లిక్ చేశారు, అందులో 6 మంది ఫారం నింపారు అనుకుందాం. 200 బై 10,000 అంటే 2%, అది సీటీఆర్ (క్లిక్‌త్రూ రేటు). 6 బై 200 అంటే 3%, అది కన్వర్షన్ రేటు. పెట్టిన డబ్బుని 200తో భాగిస్తే ఒక్కో క్లిక్ ఖర్చు, 6తో భాగిస్తే ఒక్కో ఎంక్వైరీ ఖర్చు. ఇప్పుడు ఆరుగురు కాదు తొమ్మిది మంది కావాలి, ఏం చేస్తారు? యాడ్ మీద ఇంకో సగం డబ్బు పెట్టి 300 క్లిక్కులు తెచ్చుకోవచ్చు, లేదా పేజీ బాగుచేసి 3%ని 4.5% చెయ్యొచ్చు, రెండింటికీ తొమ్మిది మందే వస్తారు గానీ రెండోదానికి అదనపు ఖర్చు లేదు, పైగా ఆ లాభం ప్రతి నెలా ఉంటుంది. కారుతున్న కుండలో నీళ్ళు పొయ్యడమా, కంత పూడ్చడమా అన్నదే లెక్క.

అనలిటిక్స్ నేర్చుకోవడానికి మీకు సైటు ఉండక్కర్లేదు. గూగుల్ తన మర్చండైజ్ స్టోర్ డేటాని డెమో అకౌంట్‌గా ఫ్రీగా ఇచ్చింది, మీ గూగుల్ అకౌంట్‌తో లోపలికెళ్ళి నిజమైన దుకాణం లెక్కలు తవ్వుకోవచ్చు. ఊరికే తిరక్కుండా ప్రశ్న పెట్టుకుని వెళ్ళండి, మొబైల్‌లో వచ్చినవాళ్ళు ఎక్కువ కొంటున్నారా కంప్యూటర్‌లో వచ్చినవాళ్ళా, ఏ పేజీ దగ్గర ఎక్కువమంది వెళ్ళిపోతున్నారు అని.

సొంత సైటు ఉంటే గూగుల్ వాళ్ళ సెర్చ్ కన్సోల్ మొదటి రోజే పెట్టెయ్యండి. జనం ఏం టైప్ చేస్తే మీ పేజీ కనిపించింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నీ చూపిస్తుంది, 16 నెలల డేటా ఉంచుతుంది. బాగా కనిపిస్తూ కూడా క్లిక్కులు రాని సెర్చ్ మాట ఒకటి పట్టుకుని, ఆ పేజీ టైటిల్‌ని ఆ మాటకి జవాబులా మార్చి రాసి, నెల ఆగి చూడండి. ఎస్ఈఓ (సెర్చ్‌లో మన పేజీ పైకి వచ్చేలా చెయ్యడం) నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి హోమ్‌వర్క్ నాకు తెలీదు. గూగుల్ ట్రెండ్స్ చూసేటప్పుడు మాత్రం జాగ్రత్త, అందులో 100 అంటే వంద మంది వెతికారని కాదు, ఆ కాలంలో అన్నిటికంటే ఎక్కువగా వెతికిన సమయాన్ని 100 అనుకుని మిగతావి దానితో పోల్చి చూపిస్తుంది.

యూటీఎమ్ లింకులు తప్పకుండా నేర్చుకోండి. ఒకే పేజీకి వాట్సాప్‌లో ఒక లింకు, ఇన్‌స్టాలో ఒక లింకు, ఈమెయిల్‌లో ఒక లింకు, చివర సోర్స్, మీడియం, క్యాంపెయిన్ పేర్లు తగిలిస్తే ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారో విడివిడిగా తెలుస్తుంది. ఇందులో యూ అంటే అర్చిన్, 2005లో గూగుల్ కొన్న కంపెనీ, గూగుల్ అనలిటిక్స్ దాంట్లోంచే పుట్టింది. ఆలోచన అయితే ఇంకా పాతది, పోస్టులో ఆర్డర్లు తీసుకునే రోజుల్లోనే ఒక్కో పత్రికలో వేసిన కూపన్ మీద ఒక్కో కోడ్ అచ్చేసి, ఏ పత్రిక నుంచి ఎన్ని కూపన్లు తిరిగొచ్చాయో లెక్కపెట్టుకునేవాళ్ళు.

రెండు జాగ్రత్తలు. పాత పేజీకి 40 మంది వస్తే ఇద్దరు ఫారం నింపారు, కొత్తదానికి 40 మంది వస్తే నలుగురు నింపారు అని పండగ చేసుకోవద్దు, అంత చిన్న సంఖ్యల్లో అది ఊరికే కూడా జరుగుతుంది. ఇక ఈమెయిల్‌లో ఓపెన్ రేటుని (ఎంతమంది మెయిల్ తెరిచారన్న లెక్క) నమ్మడం తగ్గించండి, 2021లో యాపిల్ మెయిల్‌లో ప్రైవసీ ఫీచర్ వచ్చినప్పట్నుంచి మనిషి తెరవకపోయినా తెరిచినట్టు లెక్కలోకి వస్తోంది, క్లిక్కులు, రిప్లైలు చూసుకోండి. మెయిల్ అడ్రసుల లిస్టులు కొనడం మాత్రం ఎప్పుడూ వద్దు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ రూల్స్ గట్టిపడ్డాయి, రోజుకి 5,000 దాటి జీమెయిల్ అడ్రసులకి పంపేవాళ్ళు ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు ఇవ్వాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3% తాకకూడదు. రూల్ సంగతి పక్కన పెట్టినా, అడగనివాళ్ళకి పంపడం తప్పు.

యాడ్స్‌కి సొంత డబ్బు పెట్టాల్సి వస్తే

పోయినా బాధపడని చిన్న మొత్తం అనుకోండి, ముగిసే తేదీ ముందే పెట్టండి. గూగుల్ యాడ్స్‌లో కొత్తవాళ్ళ డబ్బు ఎక్కువగా సెట్టింగుల్లోనే పోతుంది. లొకేషన్ దగ్గర మొదట ఉండే ఆప్షన్ ఆ ప్రాంతంలో ఉన్నవాళ్ళతో పాటు ఆ ప్రాంతం మీద ఆసక్తి చూపినవాళ్ళకి కూడా యాడ్ చూపిస్తుంది, గిటార్ క్లాసుకి వచ్చి కూర్చోవాల్సినవాళ్ళు అక్కడే ఉండాలి కదా, కాబట్టి అక్కడ ఉన్నవాళ్ళకి మాత్రమే అని మార్చుకోండి. సెర్చ్ క్యాంపెయిన్ పెట్టేటప్పుడు డిస్‌ప్లే నెట్‌వర్క్ (వేరే సైట్లలో, యాప్‌లలో యాడ్ చూపించడం) టిక్కు ఉంటే తీసెయ్యండి. యాడ్ మొదలైన రెండో రోజు నుంచీ సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరిచి చూడండి, జనం నిజంగా ఏం టైప్ చేస్తే మీ డబ్బు ఖర్చయిందో అందులో ఉంటుంది. "గిటార్ తీగలు" అని వెతికినవాళ్ళకి తీగలు కావాలి, క్లాసులు కాదు. "గిటార్ టీచర్ ఉద్యోగాలు" అన్నవాళ్ళకి ఉద్యోగం కావాలి. ఇలాంటివన్నీ నెగెటివ్ కీవర్డ్స్‌లో, అంటే ఈ మాటలకి యాడ్ చూపించొద్దు అనే లిస్టులో, వేసుకుంటూ పోవాలి. ఈ రిపోర్ట్ దగ్గర కూర్చున్న అరగంటలో నాకు తెలిసినంత ఏ పాఠంలోనూ తెలియలేదు.

సొంత డబ్బు అసలు పెట్టలేకపోతే ఇంకో దారి ఉంది, దీని గురించి చాలామందికి తెలీదు. గూగుల్ యాడ్ గ్రాంట్స్ అని 2003 నుంచి నడుస్తున్న కార్యక్రమం ఉంది, అర్హత ఉన్న స్వచ్ఛంద సంస్థలకి నెలకి 10,000 డాలర్ల విలువ దాకా సెర్చ్ యాడ్స్ ఉచితంగా ఇస్తారు. స్కూళ్ళకి, హాస్పిటళ్ళకి, ప్రభుత్వ సంస్థలకి ఇవ్వరు. అకౌంట్ మొత్తం సీటీఆర్ నెలకి 5%కి తగ్గకుండా నిలబెట్టుకోవాలి లాంటి కండిషన్లు ఉంటాయి, కాబట్టి ఎవరో ఒకరు కూర్చుని చూసుకోవాలి, చిన్న సంస్థల్లో ఆ ఒక్కరే ఉండరు. స్కిల్‌షాప్ సర్టిఫికెట్ చేతికొచ్చాక వెళ్ళి ఆ ఒక్కరు మీరే అవ్వండి. వాళ్ళకి నిజమైన సాయం, మీకు అసలైన అకౌంట్ మీద అనుభవం.

చేసినదాన్ని చూపించడం

డిగ్రీ లేనివాళ్ళకి డిగ్రీ చేసే పని ఇది చేస్తుంది. చేసిన ప్రతి పనికి ఒక్క పేజీ రాసిపెట్టుకోండి, ముందు ఎలా ఉంది, మీరేం అనుకున్నారు, ఏం మార్చారు, ఏమైంది. పని చెయ్యనివి కూడా రాయండి, ఎందుకు చెయ్యలేదో మీ ఊహతో సహా. అన్నీ గెలుపులే ఉన్న పోర్ట్‌ఫోలియో చూస్తే అనుభవం ఉన్నవాళ్ళకి అనుమానం వస్తుంది. ఓనర్ పర్మిషన్ లేకుండా స్క్రీన్‌షాట్లు పెట్టొద్దు, కస్టమర్ల పేర్లు, నంబర్లు కనపడనివ్వొద్దు. నంబర్లు చూపించడానికి గూగుల్ వాళ్ళ రిపోర్టుల టూల్ లుకర్ స్టూడియో ఫ్రీ, డిజైన్‌కి కాన్వా ఫ్రీ ప్లాన్ చాలు.

మొదటి క్లయింట్ కోసం "నేను డిజిటల్ మార్కెటర్‌ని, మీ బిజినెస్ పెంచుతాను" అని యాభై మందికి ఒకటే మెసేజ్ కొట్టొద్దు. ఒక్కళ్ళని ఎంచుకుని, వాళ్ళ పేజీ అరగంట చూసి, ఒక్క విషయం రాయండి. నేను మొదటిసారి ఒక సైకిల్ రిపేర్ ఆయనకి రాసింది ఇలా ఉంది: "నమస్తే అండీ, మీ సైటు ఫోన్‌లో తెరిచాను. మీ నంబర్ పేజీ అడుగున ఉంది, నొక్కితే కాల్ వెళ్ళట్లేదు, చూసి డయల్ చేసుకోవాల్సి వస్తోంది. రోడ్డు మీద పంక్చరైనవాళ్ళకి అది కష్టం కదా. పైన ఒక కాల్ బటన్ పెడితే సరిపోతుంది, ఎలా పెట్టాలో కింద రాశాను, మీకు కుదరకపోతే నేను పెట్టిస్తాను." డబ్బు మాట అందులో లేదు, ఆయన చదివి తనే చేసుకున్నా ఇబ్బంది లేదు.

రిప్లై రాకపోతే వారం ఆగి ఒక్కసారి గుర్తుచెయ్యండి, అప్పటికీ రాకపోతే వదిలేసి ఇంకొకళ్ళకి రాయండి. నెల తర్వాత మాత్రం ఆ సైటు మళ్ళీ ఒకసారి తెరిచి చూడండి. మీరు చెప్పిన బటన్ అక్కడ ఉంటే అప్పుడు ఇంకో మెసేజ్ పెట్టండి, కాల్స్ ఏమైనా పెరిగాయా అండీ అని అడగండి. ఆ సైకిల్ ఆయన అలాగే చేశాడు, చెప్పకుండా బటన్ పెట్టుకున్నాడు, రెండో మెసేజ్‌కి ఫోన్ చేసి మాట్లాడాడు.